లారీ చేరేదాకా ఉండండి

నా లైవ్‌ని ఇద్దరు చూసిన రోజు ఆనందం పట్టలేక మా ఆయనకి బెండకాయ వేపుడు చేసి పెట్టాను. ఆ రెండో మనిషి కూడా ఆయనేనని తెలిశాక వేపుడు గిన్నె వెనక్కి లాక్కున్నాను.

పెళ్ళయి కడియం వచ్చాక, సాయంత్రాలు ఫోన్లో లారీ నడిపే ఆట ఆడుతూ దాన్ని లైవ్‌లో పెట్టడం మొదలుపెట్టాను. సిమెంటో, టమాటాలో, మంచాలో ఏదో ఒక లోడు ఎక్కించుకుని, ఘాట్ రోడ్డు దిగి, ఎక్కడో దూరపు ఊళ్ళో దింపి రావాలి. అంతే ఆట. రాజమండ్రిలో డిగ్రీ చదివేటప్పుడు నేనీ లారీ తీశానంటే హాస్టల్లో నా మంచం మీద కాలు పెట్టే చోటుండేది కాదు. నేను మలుపు తిప్పితే మంచం మీదున్న వాళ్ళందరూ అటే ఒరిగేవారు. అడ్డొచ్చిన గేదెను తప్పిస్తే చప్పట్లు కొట్టేవారు. పెళ్ళిలో ఇచ్చిన కొత్త మంచం ఆ మంచానికి రెండింతలుంది. దాని మీద మాత్రం నేనొక్కదాన్నే. ఆట ఒంటరిగా ఎంతసేపైనా ఆడుకోవచ్చు. కానీ నాకు కావలసింది ఆట కాదు, అటూ ఇటూ ఒరిగే మనుషులు.

స్క్రీను మూల చిన్న కన్ను గుర్తు, దాని పక్కన ఒక అంకె ఉంటాయి. ఎంతమంది చూస్తున్నారో ఆ అంకె చెబుతుంది. నాకెప్పుడూ ఒకటే. ఆ ఒకటి మా ఆయన విజయ్ పాల్. ధవళేశ్వరంలో ఆఫీసు వదలగానే బస్సెక్కి, కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూడకుండా, కడియం వచ్చేదాకా నా లారీనే చూసేవారు. స్టాపు వచ్చిందని కండక్టరు రెండుసార్లు భుజం తట్టి దింపాడట. ఇంత మంచి మొగుణ్ణి ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు. కానీ మొగుడు చూస్తే లెక్కలోకి రాదు కదా. నేను వండింది బాగుందనడం కూడా ఆయన పనే.

అప్పుడప్పుడూ కొత్తవాళ్ళు రాకపోలేదు. వచ్చినవాళ్ళు నిలవలేదు. వచ్చిన మనిషిని పేరు పెట్టి పలకరించాలని లైవ్‌లో ఆరితేరిన వాళ్ళు చెప్పారు. మా గోదావరి వాళ్ళకి ఆ మాట ఎవరో చెప్పాలా? ఒకరోజు డెత్ కింగ్ అనే పేరుతో ఎవరో వచ్చారు. నేను లారీ పక్కకి ఆపేశాను.

"రండి రండి డెత్ కింగ్ గారూ! ఏ ఊరండీ మీది? టీ తాగారా అండీ? ఇంట్లో అందరూ కులాసాయేనా?"

డెత్ కింగ్ గారు జవాబు చెప్పకుండా వెళ్ళిపోయారు.

"టీ దగ్గర ఆపేయాల్సింది. ఇంట్లోవాళ్ళ దాకా వెళ్ళావు," అన్నారు మా ఆయన ఇంటికొచ్చాక.

"అడగకపోతే పొగరనుకోరా అండీ?"

"అనుకుంటారు. కానీ ఉంటారు."

ఆ తరవాతే కన్ను పక్కన రెండు పడింది. బుజ్జిబాబు అనే ఆయన లారీ బయల్దేరింది మొదలు దిగేదాకా కదల్లేదు. "సూపర్ అండీ" అన్నారు. "మీ గొంతు చాలా బాగుంటుందండీ" అన్నారు. చివర్లో ఎర్ర గుండె బొమ్మలు వరసగా ఏడు పెట్టారు. నాకు ముచ్చెమటలు పోశాయి. బెండకాయ వేపుడు వడ్డిస్తూ మెల్లగా, "ఏవండీ, మీరేమీ అనుకోకపోతే ఒక మాట. ఎవరో బుజ్జిబాబంట, నాకు గుండెలు పంపాడు," అన్నాను.

ఆయన ముద్ద మింగలేక దగ్గారు. బస్సులో పక్క సీట్లో కూర్చునే ఆఫీసు బుజ్జిబాబు గారి ఫోను అడిగి తీసుకున్నారట. ఆ పెద్దమనిషి వచ్చే ఏడాది రిటైరవుతారు. ఆ గుండెలు ఆయన ఫోన్లోంచి వెళ్ళాయని ఆయనకీ తెలియదు.

"నీ మొహం వెలుగుతుంటే చూద్దామని చేశాను దీవెనా," అన్నారు మా ఆయన. కోపం రావలసిన చోట ముద్దొచ్చింది. అయినా గిన్నె లాక్కుని, తేల్చి చెప్పాను.

"ఈ శనివారమే ఆఖరండీ. మన మనిషి కాని మనిషి ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, లారీ చేరి లోడు దింపేదాకా ఉండాలి. లేకపోతే ఛానెల్ తీసేస్తాను. ఎవరూ లేని గదిలో రండి కూర్చోండి అనడం నావల్ల కాదు."

నవ్వుతూనే అన్నాను. కానీ చివరి మాట దగ్గర గొంతు కొంచెం తేడాగా పలికింది. అది ఆయనకి వినబడినట్టుంది. మర్నాడు ఆ సంగతి వాళ్ళమ్మ చెవిన వేశారు.

మా అత్తయ్య సంపూర్ణమ్మ గారు మా లూథరన్ చర్చి స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. వారానికో ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టించడం, అందరికీ కబురు పంపడం, రానివాళ్ళని నిలదీయడం ఆవిడ బాధ్యత. ఆ కూడికల్లో ఒక పద్ధతుంది. ముగింపు ప్రార్థన అయ్యేదాకా ఎవరూ లేవరు. నేను కాపురానికొచ్చిన కొత్తలో మా ఇంట్లోనే కూడిక జరిగింది. మధ్యలో వాన దంచేసింది. అందరి ఇళ్ళ డాబాల మీదా బట్టలు తడుస్తున్నాయని అందరికీ తెలుసు. ఒక్కరూ చాప మీంచి కదల్లేదు. కరోనా రోజుల్లో కూడికలు ఫోన్లో జరిగినప్పుడు కూడా తలమీద చెంగు కప్పుకుని, ఫోను గోడకి ఆనించి, ఆమెన్ వినబడేదాకా అలాగే కూర్చునేవారట.

శనివారం వచ్చింది. గది తలుపు వేసుకుని, తల దువ్వుకుని, టమాటాల లోడు ఎక్కించి లైవ్ మొదలుపెట్టాను. ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా కన్ను పక్కన చూద్దును కదా, నాలుగు! రెప్ప వేసి తెరిచేసరికి తొమ్మిది! చూస్తుండగానే ఇరవై దాటింది. నేను అంకెనే చూస్తుంటే లారీ రోడ్డు అంచుకి పోయింది.

కామెంట్లు రావడం మొదలైంది. టైపు చేయడం రానివాళ్ళు మైకు నొక్కి మాట్లాడుతున్నట్టున్నారు, అక్కడ అన్న ప్రతి మాటా ఇక్కడ పడుతోంది.

"వందనాలమ్మా," అంది సత్యవాణి అనే పేరు.

"వందనాలు అమ్మాయ్ ఒరేయ్ ఆ కోడిని బయటికి తోలరా," అంది దేవకుమారి అనే పేరు.

సత్యవాణి, దేవకుమారి అనే పేర్లు మా పేటలో కూడా ఉన్నాయి. కానీ ఎన్ని ఊళ్ళలో ఉండవు? ఆనందంలో ఉన్న మనిషికి అనుమానం రాదు. ఈసారి తెలివిగా ఎవరి ఇంట్లోవాళ్ళనీ అడగలేదు. "రండి రండి, కూర్చోండి" అని మాత్రం అన్నాను.

"కూర్చున్నామమ్మా," అన్నారు నలుగురైదుగురు.

హాస్టల్ మంచం మళ్ళీ నిండినట్టయింది. మలుపు మలుపుకీ కామెంట్లే. "నెమ్మదమ్మా, టమాటాలు నలిగిపోతాయి." "హారన్ కొట్టమ్మా, ఎదురుగా బస్సు." "ఇంతసేపు తోలావు, ఆపి కాస్త మజ్జిగ తాగరాదూ?" "మా మరిది కూడా లారీయేనమ్మా, వాడికంటే నువ్వే నయం." ఒక గేదెను తప్పించాను. చప్పట్ల బొమ్మలు జలజలా రాలాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

లారీ ఊరి పొలిమేరకి చేరింది. ఇంకొంచెం ముందుకెళ్ళి గోడౌనులోకి వెనక్కి పెడితే పని పూర్తి. అప్పుడు భయం పట్టుకుంది. లోడు దింపితే వీళ్ళందరూ లేచి వెళ్ళిపోతారు కదా! ఇంత మంది మళ్ళీ ఎప్పుడొస్తారో! గోడౌను వైపు తిప్పాల్సిన చోట తిప్పకుండా, పెట్రోలు బంకు చుట్టూ తిరిగి మళ్ళీ అదే రోడ్డెక్కాను. మళ్ళీ బంకు వచ్చింది. మళ్ళీ తిరిగాను.

"ఈ బంకు ఇందాక చూశాం కదమ్మా," అన్నారు సత్యవాణి గారు.

"ఇది వేరే బంకండీ," అన్నాను సిగ్గు లేకుండా.

ఒక్కరూ పోవడం లేదు. బయట చీకటి పడుతోంది. గొంతు ఎండిపోయింది. మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు. మా ఊరి నర్సరీల్లో గులాబీ అంట్లు కట్టే విధానం చెప్పాను. పెళ్ళినాటి కేకు మీద విజయ్ పాల్ పేరు తప్పు రాసిన సంగతి చెప్పాను. అయినా కన్ను పక్కన అంకె తగ్గదు. ఇంటికొచ్చిన మనుషులు కూర్చునుండగా నేను లేచి తలుపెలా వేస్తాను? తిరుగుతూనే ఉన్నాను. ఆటలో డీజిలు అయిపోవచ్చి ఎర్ర దీపం వెలుగుతోంది.

అప్పుడు దేవకుమారి గారి మైకులోంచి ఈ కామెంటు పడింది. "సంపూర్ణమ్మ గారూ ముగింపు ప్రార్థన ఎవరు చేస్తారండీ పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను పొంగిపోయుంటాయి."

లారీ ఫుట్‌పాత్ ఎక్కింది.

దాని కిందే ఇంకోటి. "అవునండీ, మా వారు అన్నానికి కూర్చుని ఉన్నారు."

నాకంతా అర్థమైంది. వీళ్ళు నా కోసం ఉండిపోలేదు, ఆమెన్ కోసం ఆగిపోయారు. నేను వీళ్ళు పోతారేమోనని బంకు చుట్టూ తిరుగుతుంటే, పోవడానికి వీల్లేక వీళ్ళు కూర్చున్నారు. పేట మొత్తంలో ఇవాళ వంట కాలేదు, అదీ నా లారీ వల్ల. అందరూ మనవాళ్ళే. ఒక్కరూ బయటి మనిషి కాదు.

తలుపు తీసి చూస్తే ముందు గదిలో మా అత్తయ్య తలమీద చెంగుతో, ఫోను గోడకి ఆనించి కూర్చుని ఉన్నారు. ఎదురుగా అప్పుడే వచ్చిన మా ఆయన బూట్లు కూడా విప్పకుండా నిలబడి ఉన్నారు.

"ఏంటమ్మా, ఇంకా బియ్యం కూడా కడగలేదా?" అంటున్నారు ఆయన.

"ఎలా లేవనురా? నీ పెళ్ళాం ముగించడం లేదు. ఆ టమాటాలు పట్టుకుని ఊరంతా తిప్పుతోంది."

"అత్తయ్య గారూ, వీళ్ళందరినీ మీరు పిలిచారా?" అన్నాను.

"ఆయ్, నేనే కబురు పెట్టాను. నీ దగ్గర ఎవరూ నిలవడం లేదని వీడు చెప్పాడు. నేను పిలిస్తే మధ్యలో లేచే ధైర్యం ఎవరికుంది?" అన్నారు ఆవిడ. ఆ మొహంలో ఎంత గర్వముందంటే, బాధపడుతున్నానని చెప్పడానికి నోరు రాలేదు.

ఆవిడ చకచకా గదిలోకి వచ్చి నా పక్కన మంచం మీద కూర్చుని, కళ్ళు మూసుకుని ముగింపు ప్రార్థన అందుకున్నారు. రోడ్ల మీద ఉన్న డ్రైవర్లందరినీ కాపాడమన్నారు. ఘాట్లలో బ్రేకులు పడేలా చూడమన్నారు. ఈ బిడ్డకు గోడౌను దారి చూపించమన్నారు. "కూడుకున్న ప్రతివారినీ క్షేమంగా ఇళ్ళకు చేర్చుము తండ్రీ" అన్నారు, అందరూ ఇళ్ళలోనే ఉన్నా.

ఆమెన్లు వానలా కురిశాయి. అంకె గబగబా దిగిపోయింది. పన్నెండు. ఐదు. రెండు. అత్తయ్య తన ఫోను ఆపేసి వంటింట్లోకి పరిగెత్తారు.

ఒకటి.

"మీరేనా?" అన్నాను మా ఆయనతో.

ఆయన రెండు చేతులూ పైకెత్తి చూపించారు. ఫోను ఆయన జేబులో ఉంది. తీసి చూపించారు. బ్యాటరీ అయిపోయి నల్లగా ఉంది.

"బుజ్జిబాబు గారా?"

"ఆయన ఈ మధ్య నాకు ఫోను ఇవ్వడం లేదు."

కామెంటు పడింది. ప్రసన్నలక్ష్మి అట. "అదేంటండీ, అందరూ వెళ్ళిపోయారు? లోడు దింపరా?"

నేను గొంతు సవరించుకున్నాను. "ఎవరండీ మీరు? మా అత్తయ్య గారు పిలిచారా?"

"మీ అత్తగారెవరో నాకు తెలియదండీ. మాది పిఠాపురం. గుడి వీధిలో గాజుల కొట్టు. ఫోన్లో ఏదో వెతుకుతుంటే మీ లారీ కనబడింది. ఆ పెట్రోలు బంకు చుట్టూ ఎందుకు తిరుగుతున్నారో తెలుసుకుందామని ఉండిపోయాను. ఇద్దరు బేరగాళ్ళని కూడా పంపించేశాను."

మా ఆయన బూట్లతోనే మంచం మీద కూలబడ్డారు. నేను ఆవిడకి నిజం చెప్పేశాను, లోడు దింపితే వెళ్ళిపోతారని భయపడి తిరిగానని. ఆవిడ నవ్వు బొమ్మలు పెట్టారు. తరవాత, "వెళ్ళనులెండి, ముందు టమాటాలు దింపండి, కుళ్ళిపోతాయి," అన్నారు.

లారీని ఫుట్‌పాత్ మీంచి దింపి, బంకు దాటి, ఈసారి తిప్పాల్సిన చోట తిప్పాను. వెనక్కి పెడుతుంటే మా ఆయన అద్దంలో చూస్తున్నట్టు మెడ తిప్పి ఎడమకి ఒరిగారు. నేనూ ఒరిగాను. పిఠాపురంలో ఆవిడ కూడా ఒరిగే ఉంటారని నా నమ్మకం. లారీ గోడౌనుకి ఆనింది. లోడు దిగింది. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. టమాటాలు సగం నలిగాయని ఆట చెప్పింది.

"సగం మిగిలాయి కదండీ, చాలు," అన్నారు ప్రసన్నలక్ష్మి గారు.

"ఇక మీరు వెళ్ళిరండి, కొట్టు కట్టేసే వేళైంది. మీరు వెళ్ళాక ఆపుతాను," అన్నాను.

"అయ్యో, మీరు ముందు ఆపండి. మధ్యలో లేచి వెళ్తే ఏం బాగుంటుంది?"

"వచ్చినవాళ్ళు కూర్చునుండగా నేనెలా ఆపుతానండీ?"

"పర్లేదండీ, ఆపండి."

"లేదులెండి, మీరు వెళ్ళండి."

వంటింట్లోంచి ఉప్మా తాలింపు వాసన వస్తోంది. "అమ్మా, వీళ్ళిద్దరికీ కూడా ఒక ముగింపు ప్రార్థన పెట్టవే, నాకు ఆకలేస్తోంది," అని అరిచారు మా ఆయన.