అత్తగారి పుస్తకాల పట్టిక

లైబ్రరీ వెనకగదిలోని సర్వర్‌కి పదమూడేళ్లు. దాని తర్వాత పుట్టినవి కూడా ఎప్పుడో మూలపడ్డాయి గానీ, ఇది మాత్రం మొండికేసి నడుస్తూనే ఉంది. ఆ ఉదయం అదీ చేతులెత్తేసింది. పుస్తకాల పట్టిక పాడైందని తెర మీద ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. అందులో ఇరవై రెండు వేల పుస్తకాల వివరాలు, లైబ్రేరియన్ పదకొండేళ్లపాటు రెండు వేళ్లతో కొట్టినవి. వాటిని కొత్త సర్వర్‌లోకి మార్చడానికి మధ్యాహ్నం మనుషులొస్తారు.

ఆవిడ అల్లుడికి ఫోన్ చేసింది. సర్వర్లు బాగుచేయడమే అతని ఉద్యోగం. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆవిడ అతన్ని ఒక సాయం అడగడం ఇదే మొదలు. అతను ఆఘమేఘాల మీద వచ్చాడు.

"కంగారు పడకండి అత్తయ్యగారూ. ప్రతి శుక్రవారం బ్యాకప్ తీసి బీరువాలో పెట్టమన్నానుగా?"

"ఒక్క వారం మానలేదు బాబూ," అంటూ ఆవిడ ఆరు లావుపాటి ఫైళ్లు తెచ్చి ముందు పెట్టింది.

ప్రతి కాగితం మీదా ప్రింటు తీసిన ఒకటే తెర: "బ్యాకప్ తీయమంటారా? అవును, కాదు." కింద తేదీ, సంతకం, స్టాంపు. నాలుగు వందల కాగితాలూ అవే.

"'అవును' నొక్కలేదా అండీ?"

"నొక్కితే ఏమవుతుందో ఏమో! మిమ్మల్ని అడుగుదామంటే... అల్లుణ్ణి చీటికీ మాటికీ ఇబ్బంది పెడితే ఏం బాగుంటుంది?"

అతను నవ్వాలో ఏడవాలో తెలియక కుర్చీ లాక్కున్నాడు. ముందు సర్వర్ ఆపి, పాడైన ఫైళ్లనే ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. తర్వాత ప్రాణం ఉగ్గబట్టుకుని పట్టికను బాగుచేసే ఆజ్ఞ ఇచ్చాడు. సర్వర్ గురక మొదలుపెట్టింది.

"ఇది పోతే మళ్లీ కొట్టలేను బాబూ, వేళ్లు వంగడం లేదు," అంది ఆవిడ. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

నలభై నిమిషాలకు పట్టిక తిరిగొచ్చింది. మూడే మూడు పుస్తకాల వివరాలు పోయాయి. ఆవిడ అక్కడే కూలబడి హమ్మయ్య అంది. మిగతావి సరిగ్గా ఉన్నాయో లేదోనని అతను అక్కడక్కడా తెరిచి చూశాడు. పక్కన ఆవిడ రాసుకున్న గమనికలు: "అట్ట చిరిగింది." "డాక్టరుగారి దగ్గరుంది, రేపు గట్టిగా అడగాలి." తర్వాతి దాని దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది.

"పెళ్లయిన నెలకి అల్లుడుగారు తీసుకెళ్లారు. అడగకూడదు."

అతనికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. "అడగాలండీ అత్తయ్యగారూ. పుస్తకమైనా, బ్యాకప్పైనా నన్ను అడగాలి."

ఆవిడ కళ్లు తుడుచుకుని, కాస్త ధైర్యం తెచ్చుకుంది. "అయితే బాబూ, ఆ పుస్తకం ఎక్కడుంది?"



"ఇంట్లో నా కంప్యూటర్ కింద ఉందండీ. ఎత్తు చాలక పెట్టాను."