ఐదో గొంతు

నాలుగో కోటు అయిపోయింది. అయిదోది, తనది, బల్ల మీద పరిచి కాలరు మీద నీళ్లు చిలకరించాడు. లాండ్రీలో ఇస్త్రీ పని చేయడం ముప్పై ఏళ్లుగా. ప్రార్థన మందిరంలో వాయిద్యాలు లేకుండా పాడే అయిదుగురిలో అందరికంటే కింది గొంతు అతనిదవడమూ అన్నేళ్లుగానే. అయిదుగురి నల్లకోట్లూ ఊరికే ఇస్త్రీ చేసి పెడతాడు. చేయమన్నవాళ్లు లేరు, వద్దన్నవాళ్లూ లేరు.

అతని పాటలో మాటలుండవు. ఒకే స్వరం పట్టుకుని నిలబడాలి. మిగతా నలుగురూ ఊపిరి తీసుకునే చోట తను తీసుకోకూడదు. వాళ్లు గట్టిగా పాడేటప్పుడు దొంగతనంగా తీసుకోవాలి. పాట తెగకుండా ఉండేది అందువల్లే.

"పాడొచ్చావా, ఊరికే నిలబడొచ్చావా?" అని అక్క ఏడిపిస్తుంది.

ఆ ఉదయం పాటను వీడియో తీస్తున్నారు. ఏడాదిగా అతని గొంతు వణుకుతోంది. మందిరం మెట్ల మీదే, పాట నేర్పే మేష్టారు భుజం మీద చెయ్యి వేశారు.

"ఏమీ అనుకోకు. ఇవాళ్టికి పెదాలు కదుపు చాలు. ఎప్పటికీ ఉండిపోయేది కదా."

"అలాగేనండి."

మూడో చరణం చివర, అలవాటు కొద్దీ, నలుగురూ ఒక్కసారే ఊపిరి తీసుకున్నారు. పాట పుటుక్కున తెగింది. అందరూ అతని వైపు తిరిగారు. ముప్పై ఏళ్లలో అతని గొంతు వాళ్లకు తెలిసింది అప్పుడే. అతనికి ప్రాణం లేచొచ్చింది. ఇక పాడమంటారని ఛాతీ నిండా గాలి పీల్చుకుని సిద్ధంగా నిలుచున్నాడు, పిచ్చివాడు.

మేష్టారు నుదురు కొట్టుకున్నారు. "తప్పు నాదే. మీరిద్దరూ ముందు తీసుకోండి, వీళ్లిద్దరూ తర్వాత."

అంతే. రెండు నిమిషాల పని. రెండోసారి పాట ఎక్కడా తెగలేదు. పైగా చాలా బాగుంది. అదే అతను భరించలేకపోయాడు.

ఇంటి దగ్గర అక్క భోజనం వడ్డించింది.

"ఎలా వచ్చిందిరా?"

"బాగా వచ్చిందక్కా."

"ఈసారైనా నీ గొంతు వినపడుతుందా?"

"నువ్వే చూద్దువుగాని."

నాలుగు మెతుకులు కతికి, కాస్త నడుం వాలుస్తానని గదిలోకి వెళ్లాడు. సాయంత్రం టీ పట్టుకెళ్లి అక్క ఎంత లేపినా లేవలేదు.

మర్నాడు నలుగురూ వచ్చి అతని కోసం పాడారు. చక్కగా పాడారు.

మందిరం బీరువాలో అతని పాటల పుస్తకం ఉండిపోయింది. ప్రతి పేజీలోనూ, ఆ నలుగురిలో ఎవరెక్కడ ఊపిరి తీసుకుంటారో పెన్సిలుతో సన్నటి గీతలు, చెరిపి మళ్లీ గీసినవి. తన వరసలో మాత్రం ఒక్కటీ లేదు.