గుమ్మంలో వాడు

జోజమ్మ తడిగుడ్డ పిండి రెండో గది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల అమ్మాయిలంతా ఒక్కసారిగా బుసకొట్టారు. ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. రోజూ వినేదే అయినా రోజూ ఆగిపోతుంది.

తిరువూరు బస్టాండు ఎదురుగా, పురుగుమందుల షాపు పైన ఉన్న ఆ గదుల్లో జర్మన్ నేర్పుతారు. నర్సింగ్ చదివిన అమ్మాయిలు పెనుగొలను నుంచీ ఎ.కొండూరు నుంచీ పొద్దున్నే బస్సులు దిగి, టిఫిన్ డబ్బాలు కిటికీలో పెట్టి, ఎన్నడూ చూడని దేశపు ముసలివాళ్లను ఎలా పలకరించాలో నేర్చుకుంటారు. చెప్పే ప్రేమ్ కిరణ్ సారు అక్కడి వృద్ధాశ్రమంలో కొన్నేళ్లు పనిచేసి వచ్చినవాడు. అక్కడి చలి గురించి అడిగినా చెప్పడు గానీ, అక్షరాల గురించి అడగకపోయినా చెబుతాడు. నాలుకను 'ఇ' పలికే చోటే ఉంచి, గొంతు కలపకుండా గాలి వదలమంటాడు. అది 'ష' కాదట, 'హ' కూడా కాదట, రెంటికీ మధ్య ఎక్కడో ఉందట. అమ్మాయిలు ఆ మధ్య చోటు వెతుక్కుంటూ బుసకొడుతుంటే కింద షాపుకొచ్చిన రైతులు తలెత్తి చూస్తారు.

జోజమ్మకు ఆ చప్పుడు పాతదే. జర్మనీ నుంచి వచ్చిన హెద్విగ్ సిస్టరు పేరు చివర ఉండేది అదే. ఊరంతా హెద్విగ్ అనేవారు. ఆవిడ మాత్రం 'హేట్‌విష్' అన్నట్టుగా, చివరి అక్షరాన్ని గాలికి వదిలేసినట్టుగా పలికేది. రాసేదొకటి, పలికేదొకటీనా అని జోజమ్మ నవ్వేది. ఇప్పుడు ఆ గాలే ఇంతమంది ఆడపిల్లల నోళ్లలోంచి వస్తుంటే, చనిపోయిన మనిషి గోడ అవతల కూర్చుని తన పేరు తనే చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. పనిలో చేరిన రోజే బకెట్టు జారవిడిచింది. మానేద్దామనుకుంది. మానేస్తే ఆ గొంతు ఇంకెక్కడా వినపడదని ఉండిపోయింది. ఆమెకు భయమూ అదే, బెంగా అదే.

యాభై దాటిన మనిషి. ఫినాయిలు నీళ్లకు వేళ్ల చివర్లు నాని, తెల్లగా ముడతలు పడి ఉంటాయి. సిస్టరుని మంచం మీంచి లేపీ లేపీ ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, ఒక గది తుడిచి, నడుం మీద చెయ్యి వేసుకుని కిటికీ దగ్గర నిలబడటం అలవాటు. అక్కడినుంచి బస్టాండు చలివేంద్రం కనపడుతుంది. తాటాకు పందిరి కింద ఇసుకలో కుండ, పక్కన స్టూలు మీద రాయప్ప. వేసవి వచ్చిందంటే అతను అక్కడే కూర్చుని వచ్చేపోయేవాళ్లకు నీళ్లు పోస్తుంటాడు. ఈ మధ్య పాదాలు వాచాయి. నాలుగు మాటలకే ఆయాసం. నాలుగింటి బస్సుకు అల్లుడు విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడని, మళ్లీ వస్తాడో రాడో అని, టీకొట్టు గిరిబాబు పొద్దున చెప్పాడు. విని కూడా జోజమ్మ ఎప్పటిలాగే రోడ్డుకు అవతలి పక్కగా చుట్టు తిరిగి వచ్చి మెట్లెక్కింది. పన్నెండేళ్లుగా ఆమె ఆ మనిషికి ఎదురుపడలేదు, ఆ కుండలో నీళ్లు తాగలేదు.

సిస్టరు నడిపిన చిన్న ఆసుపత్రిలో అప్పుడు ఆమె ఆయా, అతను గేటు దగ్గర వాచ్‌మన్. ఎన్నేళ్లున్నా సిస్టరు తెలుగు దారికి రాలేదు. 'త'కీ 'ట'కీ తేడా ఉండేది కాదు. చేసిన పనిని వాక్యం చివర చెప్పే ఓపిక ఉండేది కాదు, మధ్యలోనే అనేసేది. 'జ'ని 'య' చేసి, జోజమ్మను యోయమ్మా అని పిలిచేది. ఆఖరి ఎండాకాలం మంచాన పడింది. ఒక మధ్యాహ్నం, వడగాలికి తలుపు దగ్గరగా వేసి జోజమ్మ విసురుతుంటే, ఆవిడ కళ్లు తెరిచి గుమ్మం వైపు చూసింది.

"వాడు వచ్చాడు, యోయమ్మా. నిలబడ్డాడు గుమ్మంలో. టియ్యి టలుపు."

జోజమ్మ తలుపు సందులోంచి చూసింది. వరండాలో రాయప్ప, రోజూలాగే సిస్టరు కూజాలో చల్లటి నీళ్లు నింపుతున్నాడు. వెనక్కి తిరిగి సిస్టరు చూపు చూసి, ఎందుకో భయమేసి, గడియ వేసింది.

సాయంత్రానికి సిస్టరు పోయింది. ఆఖరి మాటేంటని చర్చి పెద్దలు అడిగితే జోజమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ వేళ ఆవరణలో ఉన్న మగమనిషి రాయప్ప ఒక్కడే. ఎవరూ అతణ్ణి ఏమీ అనలేదు. అనకుండానే గేటు తాళాలు తీసేసుకున్నారు. మంచాన ఉన్న ముసలావిడ గదిలోకి పట్టపగలు ఎందుకు వెళ్లబోయాడో ఊరు తనకు తోచినట్టు కథ అల్లుకుంది. చర్చిలో అతని పక్కన చాపమీద ఎవరూ కూర్చునేవారు కాదు. ఆ 'వాడు' ఎవరో జోజమ్మకు మాత్రం తేలలేదు. రాయప్పే అయితే ఒక భయం. కాకపోతే, చెప్పి మనిషిని పాడుచేశానన్న భయం. ఆ మాట నిద్రలో కూడా ఆమెను వదిలేది కాదు.

మధ్యాహ్నం పాఠంలో షైని అనే అమ్మాయి లేచి, ఆశ్రమంలో ఎవరైనా పోతే వాళ్ల పిల్లలకు ఎలా చెప్పాలని అడిగింది. సారు బోర్డు మీద కొన్ని మాటలు రాశాడు. ఒకదాని కింద గీత గీసి, 'టోట్' అంటే చావు అన్నాడు. చివర రాసింది 'డ' కదా అంది షైని.

"రాయడం డ అనే. కానీ మాట చివరికొచ్చేసరికి గొంతు ఆరిపోవాలి. ఊపిరొక్కటే మిగలాలి," అన్నాడు సారు. తర్వాత నవ్వుతూ, "మనకి ఆవిడా వచ్చింది, ఆవూ వచ్చింది, చావూ వచ్చింది. అన్నీ ఒకటే. వాళ్లకట్లా కుదరదు. టోట్ మగ. వాళ్ల చావు 'వచ్చింది' కాదు, 'వచ్చాడు'."

ఆడపిల్లని 'అది' అంటారట, చావుని 'వాడు' అంటారట, ఇదేం భాషరా నాయనా అని వెనక బెంచీలో కరుణశ్రీ గొణిగింది. అందరూ నవ్వారు. జోజమ్మ తడిగుడ్డతోనే గది మధ్యకు వచ్చి నిలబడింది. నీళ్లు కారి ఆమె పాదాల చుట్టూ మడుగు కట్టాయి.

"సారూ, ఆ దేశపు మనిషి పోయేముందు 'వాడు వచ్చాడు, గుమ్మంలో ఉన్నాడు' అందనుకోండి. అప్పుడు?"

ప్రేమ్ కిరణ్ నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగాడు. తెలుగులో మాట్లాడినా ఆఖరి ఘడియలో లోపల నడిచేది పుట్టిన భాషేననీ, చావు కాక ఇంకెవరై ఉంటారాంటీ అనీ అన్నాడు.

ఆమె గుడ్డ అక్కడే వదిలేసి మెట్లు దిగింది. చుట్టు తిరగలేదు. మామిడికాయల ఆటోలు హారన్లు కొడుతుంటే మధ్యలోంచే రోడ్డు దాటింది. రాయప్ప సంచి ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అల్లుడు సోడా తేవడానికి వెళ్లినట్టున్నాడు. ఆమె నిలబడే చెప్పింది, గుమ్మం సంగతి, గడియ సంగతి, పాఠం సంగతి. అతను కళ్లు మూసుకుని విన్నాడు.

"అయితే ఆ వాడు చావన్నమాట."

"అవునన్నా. నువ్వు కాదు. వాళ్ల భాషలో అట్లాగట."

అతను ఆయాసం తీర్చుకున్నాడు. మాటలో కోపం లేదు.

"సిస్టరమ్మ నన్నెప్పుడన్నా వాడు అందా, జోజమ్మా? రాయప్ప గారూ అనే పిలిచేది. గేటు తియ్యమన్నా గారే. అది నీకు తెలుసు కదమ్మా. దీనికి ఆ భాష దాకా ఎందుకు?"

జోజమ్మకు గుర్తుకొచ్చింది. నిజమే. సూది మందుకు ఏడ్చే పసివాణ్ణి కూడా ఆవిడ గారు అనేది. వాడు అన్న మాట ఆవిడ నోట ఆ ఒక్కరోజే వచ్చింది. ఆ సంగతి తనకు తట్టలేదా, తట్టినా పెద్దల ముందు నోరు మెదపలేకపోయిందా? ఇన్నేళ్లూ రాయప్పను చూసి భయపడ్డాననుకుంది. భయపడింది ఈ మాటకే. సిగ్గుతో తలెత్తలేకపోయింది.

బస్సు వచ్చి ఆగింది. రాయప్ప ఒక గ్లాసు నీళ్లు ఇమ్మన్నాడు. ఆమె ముంచి ఇచ్చింది. సగం తాగి, మిగతా సగం తాగమని ఆమెకే ఇచ్చాడు. తాగింది. అల్లుడు వచ్చి రెక్క పట్టుకుని ఎక్కించాడు. కిటికీ పక్కన కూర్చున్నాక రాయప్ప ఆమెను చూసి, ఆసుపత్రిలో ఏడిపించినట్టే, "యోయమ్..." అన్నాడు. చివర గొంతు కలవలేదు, పెదాలు మాత్రం కదిలాయి. బస్సు కదిలింది.

ఆమె పైకి వెళ్లలేదు, స్టూలు మీదే కూర్చుంది. అరగంటకు పైగా గడిచాక గిరిబాబు టీకొట్టు వదిలి తన దగ్గరికి నడిచి వస్తుంటే, అతను చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది. ఎ.కొండూరు రాకముందే పోయాడట, అల్లుడు ఫోన్ చేశాడట. అల్లుడి భుజం మీద తల వాల్చి నిద్రపోయాడనుకున్నారట.

పైన గదిలో అమ్మాయిలు 'టోట్' అనే ఆ మాట వల్లెవేస్తున్నారు. వచ్చాడు, అనుకుంది జోజమ్మ. ఈసారి వెయ్యడానికి గడియ లేదు. ఆమె చేతిలో గ్లాసు అడుగున గుక్కెడు నీళ్లు మిగిలి ఉన్నాయి. రాయప్ప వెళ్లేముందు తడిపి చుట్టిన గుడ్డ కుండ మీద ఇంకా ఆరలేదు.