తొమ్మిదేళ్లు ఏం చేశారు?

ఇంటర్వ్యూ శుక్రవారం పొద్దున పదింటికని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పటి నుంచీ చీమక్క కాలు ఒకచోట నిలవలేదు. సంతోషం పావు వంతు, బెంగ ముప్పావు వంతు.

చీమక్క అన్నది పెట్టిన పేరు కాదు, వాడుకలో స్థిరపడిన పేరు. ఒకప్పుడు రక్తపరీక్షల ల్యాబులో ఏడేళ్లు పనిచేసింది. ఆవిడ సూది గుచ్చితే చీమ కుట్టినట్టే ఉంటుందని ఒక చంటిపిల్ల తల్లి అన్న మాట ల్యాబంతా పాకి, చివరికి ఇంటి దాకా వచ్చింది. ఆ తర్వాత అత్తగారికి పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. చూసుకోవడానికి మనిషి కావాలి. చీమక్క ఉద్యోగం మానేసింది. ఆర్నెల్లేగా అనుకున్నారంతా. తొమ్మిదేళ్లయింది. కిందటేడు పెద్దావిడ నిద్రలోనే వెళ్లిపోయింది.

బుధవారం సాయంత్రం భర్త పని నుంచి వచ్చేసరికి ఆమె బల్ల మీద దూది, స్పిరిట్, కొత్త సిరంజీలు సర్ది పెట్టుకుని కూర్చుంది.

"చెయ్యి ఇటివ్వండి," అంది.

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. "ముందు కాఫీ ఇవ్వొచ్చు కదా."

"పన్నెండు అంతస్తుల గోతిలోకి దిగుతారు, ఇంత సూదికి భయమా?"

"గోతి నన్ను గుచ్చదు కదే."

కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాపాడు. మొదటిసారి నరం పక్కకి జారిపోయింది. రెండోసారి దొరికింది. దొరికినా ఆమె మొహం తేటపడలేదు. మునుపెప్పుడూ ఇలా వణకలేదే అని వేళ్ల వంక చూసుకుంది.

"నాకసలు తెలియనే లేదు," అన్నాడు భర్త, పంటి బిగువున.

గురువారం మధ్యాహ్నం వదిన వచ్చింది. భర్తకి అక్క, హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. ఎంతమంది టీచర్లని ఇంటర్వ్యూ చేసిందో ఆవిడకే గుర్తులేదు. మరదల్ని కాస్త తయారుచెయ్యమని తమ్ముడు బతిమాలాడట. వస్తూనే బల్ల జరిపించి అటుపక్క కూర్చుంది.

"బయటికెళ్లి తలుపు తట్టి రా."

"మన ఇంట్లోనా వదినా?"

"ఇప్పుడు నేను వదినని కాను. వెళ్లు."

చీమక్క నవ్వాపుకుంటూ వెళ్లి, తట్టి, వచ్చింది. చదువు, పాత ఉద్యోగం, ఏయే పరీక్షలు చేసేది, అన్నీ గడగడా చెప్పేసింది. వదిన తలూపుతూ రాసుకుంది. తర్వాత అడిగింది:

"ఈ తొమ్మిదేళ్లు ఏం చేశారు?"

చీమక్క తల వంచుకుంది. "ఏం చెయ్యలేదండీ. ఇంట్లో ఖాళీగానే ఉన్నాను."

వదిన కలం ఆగిపోయింది. లేచి సింకు దగ్గరికెళ్లి, కడిగి బోర్లించిన కప్పులనే మళ్లీ కడగడం మొదలుపెట్టింది.

"ఖాళీగా ఉన్నావా?" అంది అటు తిరిగే. "రెండు గంటలకోసారి అమ్మని ఒత్తిగిలపెట్టిందెవరు? అన్నేళ్లు మంచంలో ఉన్న మనిషి వీపు మీద ఒక్క పుండు లేదంటే డాక్టరే నమ్మలేదు. నెలనెలా రక్తం తీసిందెవరు? దారప్పోగులా ఉండేది ఆ నరం."

"ఇంట్లోవాళ్లకి చేసింది కూడా ఉద్యోగం కిందకొస్తుందా వదినా?"

"నేను కూతుర్ని. ఆదివారం వచ్చి, పళ్లు పెట్టి, గంట కూర్చుని వెళ్లిపోయేదాన్ని. నాకు స్కూలుందని అందరికీ చెప్పుకున్నాను. నీకూ ఒక ల్యాబు ఉండేదని ఒక్కరోజూ నా నోట రాలేదు." ఆవిడ కడిగిన కప్పు బోర్లించింది. "ఖాళీ అన్న మాట ఇంకోసారి అనకు. నేను వినలేను."

చీమక్క లేచి సింకు దగ్గరికొచ్చింది. గుడ్డ తీసుకుని పక్కన నిలబడి కప్పులు తుడిచింది. తర్వాత ఇద్దరూ కూర్చుని జవాబు తయారుచేయబోయారు. వదిన చెప్పిన బరువైన వాక్యాల్లో ఒక్కదానికీ ఆమె నోరు తిరగలేదు.

"పోనీ, నీకొచ్చినట్టే చెప్పు. నీళ్లు మాత్రం నమలకు," అని వదిలేసింది వదిన.

శుక్రవారం ఇంటర్వ్యూ చేసిన మేడం, ఆసుపత్రి ల్యాబుకి పెద్ద, చీమక్క కన్నా పదేళ్లు చిన్నది. ఆవిడ అడిగిన మూడో ప్రశ్నే ఆ తొమ్మిదేళ్ల గురించి.

"మా అత్తగారు మంచాన పడ్డారండీ. మందులూ, రక్తం తీయడం, ఒత్తిగిలపెట్టడం, అన్నీ నేనే చూసుకున్నాను. చివరిదాకా ఒంటి మీద పుండు పడనివ్వలేదు."

మేడం తలెత్తి చూసింది. "ఇప్పుడొస్తున్న కొత్త మిషన్ల మీద పనిచేశారా?"

"లేదండీ. చూపిస్తే నేర్చుకుంటాను."

"సరే, రండి. ఒక శాంపిల్ తీయండి."

పక్క గదిలో పరీక్షకొచ్చిన పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతి మీద నరం తాడులా ఉబ్బి కనిపిస్తోంది. ఎవరికైనా సూది అక్కడే పెట్టబుద్ధేస్తుంది. చీమక్క గ్లవ్స్ తొడుక్కుని వేలు ఆనించింది. చర్మం కింద సన్నగా జుమ్మంటోంది.

"డయాలసిస్ చేయించుకుంటున్నారా బాబాయిగారూ?"

"వారానికి మూడుసార్లమ్మా."

"అయితే ఆపరేషన్ చేసి ఉబ్బించిన ఈ నరం దానికే. మనం ముట్టుకోకూడదు."

"పోయినసారి ఇక్కడే ఎవరో ముట్టుకోబోయారు. అరిచి ఆపాల్సొచ్చింది," అన్నాడాయన. మేడం గొంతు సవరించుకుంది.

చీమక్క కుడిచేతి వెనకవైపు వెతికి గుచ్చింది. రక్తం రాలేదు. సూది తీసేసి దూది అదిమింది.

"నా పొరపాటండీ. ఇంకొక్కసారి ఓర్చుకోండి."

ఆయన చల్లటి చేతిని రెండు అరచేతుల మధ్య కాసేపు పట్టుకుంది. వేళ్లు కుదుటపడ్డాయి. కొత్త సూదితో పక్క నరం అందుకుంది. ఈసారి గొట్టం ఎర్రగా నిండింది.

"మూడు నెలలు చూస్తాం," అంది మేడం, బయటికి నడుస్తూ. "సోమవారం నుంచి రండి. పొద్దున ఆరున్నరకి. ఇబ్బందేమో?"

"ఆరున్నర నాకు మధ్యాహ్నం కింద లెక్కండీ."

బయట మెట్ల మీద కూర్చుని భర్తకి ఫోన్ చేసింది. పనిలో ఉన్నాడేమో, ఎత్తలేదు. వదినకి చేసింది. మొదటి రింగుకే ఎత్తింది ఆవిడ.

"వచ్చింది వదినా."

"గట్టిగా అడిగారా?"

"మీ అంత కాదు."

సోమవారం ఆమెకి కొత్త మిషను చూపించిన టెక్నీషియన్‌కి పాతికేళ్లుంటాయి. ఒకే బటన్ గురించి చీమక్క మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఆ అమ్మాయి విసుక్కోకుండా చెప్పింది. గురువారం నాటికి అడగాల్సిన పని లేకపోయింది.