నసీమున్నీసా కట్టిన రోబో

బుధవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఎనిమిదో తరగతిలో కిట్టు పెట్టెలు తెరుచుకుంటాయి. గుంటూరులో వారం రోజుల ట్రైనింగుకు వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ, రంగురంగుల ప్లాస్టిక్ ఇటుకలతో రోబోలు కట్టించే పని సీతారత్నం టీచరుదే. ఇటుక మీద ఇటుక నొక్కాలి. చక్రాలు తగిలించాలి. మోటారుకు వైరు పెట్టి, ముందుకు పద, కుడికి తిరుగు అని ట్యాబులో వరసగా చెప్పాలి. రోబో అంతా బుద్ధిగా వింటుంది. విని, తనను కట్టిన చేతిలో ఏ పని ఉంటే ఆ పని చేస్తుంది.

నల్లపాడు దగ్గరి ఆ బడిలో ఇది ఎవరికీ వింత కాదు. పూజారి గారి మనవరాలు వేదశ్రీ కట్టినది ఖాళీ నేల కనబడితే చాలు, ముగ్గు పెట్టేస్తుంది. టైలరు గౌస్ బాషా కొడుకు ముదస్సిర్ కట్టినది ఊడిన గుండీలు కుడుతుంది. తనిఖీకొచ్చిన అధికారి కూడా తన చొక్కాకు ఒకటి కుట్టించుకుని, రిజిస్టరులో 'బాగుంది' అని రాసి వెళ్లాడు.

ముబీన్ రోబో ఒక్కటే సీతారత్నానికి దిగులు. జూన్‌లో అది బల్లంతా తిరుగుతూ పిట్టల బొమ్మలు గీసేది. చేలల్లో కాయ ఎర్రబడి, ఆ పిల్ల ఆదివారాలు తల్లి వెంట మిరపకాయల పనికి వెళ్లడం మొదలెట్టాక, ఏది కట్టినా తొడిమలు తీస్తోంది. మిరపకాయలు లేకపోతే పెన్సిళ్ల మొనలు తుంచుతోంది. పిల్లలు నవ్వుతారు. ముబీన్ నవ్వదు.

"అవతలి సోమవారం నుంచి రాను టీచర్," అంది ఒకరోజు, విరిగిన మొనలు ఏరుతూ. "అమ్మ రోజూ పనికి రమ్మంది. సీజన్ అయిపోయాక వస్తా."

సీజన్ అయ్యాక తిరిగొచ్చిన పిల్లల్ని ముప్పై ఏళ్ల సర్వీసులో సీతారత్నం చూసింది. లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. అందుకే ముబీన్ తల్లి నసీమున్నీసాకు ఫోన్ చేసి, వచ్చే బుధవారం ఒక్కసారి బడికి వచ్చి వెళ్లమని బతిమాలింది.

నసీమున్నీసా పనిలోంచి తిన్నగా వచ్చింది. ఆమె చీరలోని ఘాటుకు ముందు బెంచీ మొత్తం తుమ్మింది.

"చూశారుగా టీచరుగారూ," అంది కూతురి రోబోను చూపిస్తూ. "దాని చేతికి పనొచ్చేసింది. మొక్కై వంగనిది మానై వంగుద్దా? ఇప్పుడే అలవాటు పడాలి."

"పదమూడేళ్ల పిల్లమ్మా అది!"

"నేను పన్నెండేళ్లకే దిగానండీ. ఏం, బతకట్లా?"

సీతారత్నానికి ఒళ్లు మండింది. కానీ మాటకు మాట అంటే పిల్ల చదువు దక్కదు. గబగబా ఒక కిట్టు పెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"మీరూ ఒకటి కట్టండి."

"నాకెందుకండీ ఇయ్యన్నీ! చేతులు మంటలు పుడుతున్నాయి."

"కట్టమ్మా," అంది ముబీన్ మెల్లగా.

పిల్లల బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని కూర్చుంది నసీమున్నీసా. ముబీన్ ఒక్కో ఇటుకే అందిస్తుంటే, ఎర్రగా వాచిన ఆ వేళ్లు చకచకా అతికించేశాయి.

"ఇదీ తొడిమలే తీసిద్ది, చూడరా," అన్నాడు ముదస్సిర్ పక్కవాడితో.

రోబో కదిలింది. పెన్సిళ్లను దాటింది. బోర్డు కిందకెళ్లి, ఒక చాక్‌పీసు తీసుకుని, గోడ ఎక్కింది. బోర్డు పై మూలన తేదీ వేసింది. అది ఇరవై ఏళ్ల కిందటి తేదీ. తర్వాత గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాయసాగింది. పిల్లలు గొంతు కలిపి చదివారు.

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, మా ఇంటిలో మిరపకాయల పని ఉన్నందున నాకు మూడు రోజులు సెలవు ఇప్పించవలసిందిగా కోరుచున్నాను. ఇట్లు, తమ విధేయురాలు, షేక్ నసీమున్నీసా, ఏడవ తరగతి."

రోబో చాక్‌పీసు దించి ఆగిపోయింది.

"మూడు రోజులయ్యాక బడికి వచ్చారా ఆంటీ?" అని అడిగింది వేదశ్రీ.

నసీమున్నీసా బోర్డునే చూస్తోంది. తన దస్తూరీ అంత బాగుండేదని ఆమె ఎప్పుడో మర్చిపోయింది.

"ఇంకా అవలేదమ్మా ఆ మూడు రోజులు," అంది.

సీతారత్నానికి ఏడుపు ముంచుకొచ్చింది. కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

అంతలో నసీమున్నీసా ఫోన్ మోగింది. పనికి తీసుకెళ్లే మేస్త్రి బుల్లయ్య. స్పీకరు అక్కర్లేని గొంతు అతనిది, క్లాసంతా వినబడింది.

"ఏమ్మా నసీమా! సోమవారం ఆటోలో ఇద్దరికీ చోటుంచమన్నావు గదా, ఉంచుతున్నా."

ఆమె ముబీన్ వంక చూసింది.

"ఒక్కదానికే ఉంచు బుల్లయ్యన్నా."

"అదేంటి, మరి పాప రాదా?"

"రాదన్నా," అంది నసీమున్నీసా. "దానికి సెలవు ఇవ్వలా."