మడుగు నిద్ర

దీపాలు పెట్టే వేళకి ఆ వీధిలో అందరూ వెనక కిటికీలు తెరిచేవారు. నిద్ర వచ్చేది అటునుంచే. వీధి వెనక మడుగులో, తుంగ దుబ్బుల మధ్య నుంచి తెల్లగా లేచి, బురద వాసనతో మంచం ఎత్తున గదుల్లోకి పాకేది. దాన్ని ఎవరూ మెచ్చుకున్న పాపాన పోలేదు. పైగా "మా వాటా కూడా మీ ఇంట్లోనే దూరిందే" అని పక్కింటివాళ్ళతో వేళాకోళాలు.

గోదాము కడతామని మడుగుని పూడ్చేశారు. పీడా పోయిందన్నారు జనం. దోమలు పోతాయని స్కూలు వ్యాను డ్రైవరు కూడా సంబరపడ్డాడు. దోమలు పోలేదు, కప్పలు పోయాయి. నిద్ర ముందు పలచబడింది, తర్వాత కిటికీ దాకా వచ్చి ఆగిపోయింది, ఆ పైన రానేలేదు. మంగలి ఒకాయన చెవి కోశాడు. పాలవాడు పోసిన ఇంటికే మళ్ళీ పోశాడు. మొగుడూ పెళ్ళాలు మాట మాటకీ కొట్టుకున్నారు. డాక్టరు దగ్గరికి వెళితే ఆయనే బల్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు, కళ్ళు తెరుచుకుని.

గోదాము గోడ పక్కన ఒక్క గుంట మిగిలింది. డ్రైవరు భార్య రోజూ సాయంత్రం వెళ్ళి, అందులో అడుగున పేరుకున్న నిద్రని చెంబుతో ముంచి తెచ్చి మొగుడి తలగడ మీద ఒంపేది. వీధిలో పిల్లలంతా ఎక్కేది అతని వ్యానే. తమ పాప కూడా అందులోనే వెళుతుంది. ఆ భయంతో తనూ అత్తగారూ ఒక్క చుక్క ముట్టుకునేవారు కాదు.

"పాపకి కాస్త పొయ్యరాదూ? దాని కళ్ళు చూడు, ఎలా లోపలికి పోయాయో," అన్నాడు డ్రైవరు.

"అది క్లాసులో తూగినా ఫరవాలేదు. మీరు తూగితే?"

"చెప్పినట్టు వినరా," అంది అత్తగారు.

మర్నాడు గుంటలో కూడా మట్టి పోశారు. ఆ సాయంత్రం మట్టి అంచున ముంచితే చెంబు అడుక్కి కాస్త దొరికింది, అంతే.

"ఇదే ఆఖరు. మొత్తం మీరే ఒంపుకోండి," అని మంచం పక్కన పెట్టి ఆవిడ గిన్నెలు తోముకోవడానికి వెళ్ళింది.

పక్క గదిలో పాప నిద్రపట్టక వెక్కుతోంది. తండ్రి ప్రాణం ఊరుకోలేదు. చెంబు తీసుకెళ్ళి దాని తలగడ మీద ఒంపి వచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య రాగానే గుర్రు కూడా పెట్టాడు. ఆ గుర్రు విని ఆవిడ గుండె కుదుటపడింది.

పొద్దున పాప ఎంత కుదిపినా లేవలేదు.

"పడుకోనీవే. ఒక్కరోజు బడి మానితే కొంపలేం మునిగిపోవు," అంటూ డ్రైవరు తాళాలు తీసుకున్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ ఇంట్లో ఎర్రగా లేని కళ్ళెవరివి గనక? గుమ్మం గుమ్మం దగ్గరా ఆగుతూ, పిల్లల్ని ఎక్కించుకుంటూ వ్యాను వీధి దాటింది.

దుప్పటి సర్దబోయి ఆవిడ పాప తలగడ మీద చెయ్యి వేసింది. తడి. బురద వాసన.

"అత్తయ్యా, రాత్రి ఈయన పడుకోలేదు," అంది. ఫోను చేసింది. అతను ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఇంకా చేతిలో ఉండగానే అది మోగింది. స్కూలు నుంచి.

"మీ పాప రాలేదేమండీ?"

"ఇంట్లోనే ఉందండీ. నిద్రపోతోంది."

"అలాగా. మరి తక్కిన పిల్లలు? ఇంతవరకూ వ్యానే రాలేదు."

కిటికీలోంచి ఎదురింటావిడ కనిపించింది. కొడుకు చొక్కా తీగ మీద ఆరేస్తూ, ఈవిడని చూసి పలకరింపుగా నవ్వింది.