రెండంతస్తుల దూరం

మరుగుతున్న నీళ్లలోంచి ఆసుపత్రి దుప్పట్లను కర్రతో పైకి లాగుతుండగా ఆమెకు కబురొచ్చింది. వార్డులో మొగుడికి ఊపిరి అందడం లేదట. తడి చేతులతోనే మెట్లెక్కింది. "పూట కూలి కోసేస్తా" అని వెనకనుంచి మేస్త్రీ అన్న మాట చెవిన పెట్టలేదు.

అతను గోదాములో మూటలు మోసేవాడు. నెల కిందట ఇనపరేకు గీసుకుని కాలికి పుండు పడింది. జ్వరం తగిలిన రోజే ఆమె ఇక్కడికి తీసుకొచ్చింది. రక్తంలో క్రిములున్నాయని పరీక్షలో తేలింది. వార్డు పెద్ద డాక్టరు ఐదు రోజులు సూదులు వేయించి, ఒళ్లు చల్లబడగానే మాత్రలు రాసి ఇంటికి పంపేశాడు. రెండు వారాలు తిరక్కుండానే జ్వరం తిరగబెట్టింది. ఈసారి ఆయాసాన్ని వెంటబెట్టుకొచ్చింది.

మంచం పక్కనున్న నర్సు గొంతు తగ్గించింది. "అక్కా, ఇలాంటివి చూసే డాక్టరమ్మ రెండంతస్తుల పైనే ఉంది. ఈ వార్డు పెద్దాయన పిలవడు. ముప్ఫై ఏళ్లుగా జ్వరాలు చూస్తున్నా, నిన్నగాక మొన్నొచ్చిన పిల్లనడగాలా అంటాడు. నేను చెప్పానని మాత్రం అనకు."

ఆమె తనే పైకి వెళ్లి బతిమాలింది. డాక్టరమ్మ వెంటనే దిగివచ్చింది. రోగి గుండె విని, కాగితాలు వెనక్కీ ముందుకీ తిప్పింది.

"రక్తం మళ్లీ పరీక్షించలేదా? గుండెకు స్కానింగు తియ్యలేదా?"

లేదన్నట్టు నర్సు తల అడ్డంగా ఊపింది.

మందు మార్పించి, ఆమెను వరండాలోకి తీసుకెళ్లింది డాక్టరమ్మ. "జ్వరం దిగినా ఈ క్రిమి పోదమ్మా. గుండె కవాటాల్లో తిష్ఠ వేస్తుంది. మొదట్లోనే నన్ను పిలిచుంటే గుండె చూసుకుని, వారాల తరబడి సూదులిచ్చేదాన్ని. అందరూ బతుకుతారనను. చాలామంది బతుకుతారు."

"మరి ఈయన?"

"చెయ్యగలిగింది చేస్తాను."

మూడో రోజు మధ్యాహ్నం అతను పోయాడు.

శవాన్ని అప్పగించే గది కిటికీలోంచి గుమాస్తా ఒక కాగితం జరిపాడు. ఆమె కూడబలుక్కుని చదివింది. 'రోగిని బంధువులు ఆలస్యంగా తీసుకువచ్చారు.'

"ఆలస్యంగా ఎవరు తెచ్చారు?"

"అందరికీ అలాగే రాస్తాంలేమ్మా. సంతకం పెడితే మనిషిని ఇచ్చేస్తారు."

"జ్వరమొచ్చిన రోజే తెచ్చా. చీటీ నా దగ్గరుంది. పైనున్న డాక్టరమ్మను పిలవడానికి మీకే తీరిక లేకపోయింది. అది రాయండి, పెడతా."

"పెద్దాయన చెవిన పడితే నీ పని పోతుంది."

"ఆయనది పోదుగా."

మరిది ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "వదినా, పెట్టెయ్. అన్నయ్యను ఎంతసేపు ఆ ఇనపబల్ల మీద ఉంచుతాం?"

ఆ మాటకు ఆమె చెయ్యి కలం దాకా వెళ్లింది. కాసేపు దాన్ని పట్టుకునే ఉంది. తర్వాత మూత బిగించి, కాగితం మీద పెట్టి, వెళ్లి గోడవారనున్న బెంచీ మీద కూర్చుంది.

వరసలో వెనకనున్న మనిషి ముందుకు జరిగాడు. గుమాస్తా ఆ కాగితాన్ని తీయనూ లేదు, చింపనూ లేదు.